ఇల్లు వదిలి మొక్కల్ని మోసిన ఆలిస్

ఊళ్ళో మంటలు లేచాయి. మీ వీధి దాకా రావడానికి గంటో, రెండు గంటలో టైముంది. ఇంట్లోంచి ఏం తెచ్చుకుంటారు? బీరువాలో నగలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, పెళ్ళి ఆల్బం... ఎవర్నడిగినా కాస్త అటూ ఇటూగా ఇదే జాబితా చెబుతారు. నన్నడిగినా అంతే.

1906 ఏప్రిల్ 18న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒకావిడకి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. ఆవిడ సొంత ఇంటి సంగతి పక్కన పెట్టి, మెట్లు కూలిపోయిన ఒక భవనంలో ఆరో అంతస్తు దాకా ఎక్కి, అక్కడున్న ఎండు మొక్కల కట్టల్ని తాళ్ళు కట్టి కిందకి దించింది. ఆవిడ పేరు ఆలిస్ ఈస్ట్‌వుడ్. వృక్షశాస్త్రం చదివినవాళ్ళకి ఆవిడ కొత్త కాదు. మన వంటిళ్ళ దాకానే ఆ పేరు రాలేదు. ఆవిడ జీవితం చదివినప్పట్నుంచీ నలుగురికీ చెప్పాలని నాకు ఒకటే తహతహ.

తల్లి లేని పిల్ల

ఆలిస్ 1859 జనవరి 19న కెనడాలోని టొరాంటోలో పుట్టింది. ఇంటికి పెద్దపిల్ల. తర్వాత చెల్లెలు కేట్, తమ్ముడు సిడ్నీ. ఆలిస్‌కి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. తల్లి పోయిన ఇంట్లో పెద్దకూతురి పరిస్థితి ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆరేళ్ళకే అక్క కాస్తా అమ్మ అయిపోతుంది. తండ్రి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళాడు. పిల్లలు కొన్నాళ్ళు బంధువుల ఇంట్లో, ఆ తర్వాత అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక కాన్వెంటులో పెరిగారు.

ఆ దిక్కులేని రోజుల్లో ఆ పిల్లకి దొరికిన నేస్తాలు మొక్కలు. బంధువుల తోటలో కొన్నింటి పేర్లు తెలిశాయి. కాన్వెంటులో తోటపని మీద మక్కువ ఉన్న ఓ ముసలి ఫాదరీ ఉండేవాడు. ఆయన వెంట తిరుగుతూ పాదులు తీయడం, విత్తనాలు నాటడం నేర్చుకుంది. అది చదువనీ, ముందు ముందు అదే తన బతుకవుతుందనీ అప్పుడెవరికి తెలుసు?

1873లో, పద్నాలుగేళ్ళ వయసులో, తండ్రి పిలుపు మీద అమెరికాలోని డెన్వర్‌కి వెళ్ళింది. రాకీ పర్వతాల పాదాల దగ్గరుండే ఊరది. తండ్రి సంపాదన అంతంతమాత్రం. ఆలిస్ ఒక పశువుల ఆసామి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. ఆ ఇంట్లో రెండు మంచి సంగతులున్నాయి. ఒకటి, బోలెడన్ని పుస్తకాలు. రెండోది, ఆ కుటుంబం కొండల్లోకి వెళ్ళినప్పుడల్లా ఈ అమ్మాయినీ తీసుకెళ్ళేది. రాకీ పర్వతాల పువ్వుల్ని ఆలిస్ మొదటిసారి చూసింది ఒక ఆయాగానే!

ఇంటిపనీ, సంపాదనా, చదువూ మూడూ లాక్కొస్తూ 1879లో హైస్కూలు చదువు ముగించింది. తరగతిలో మొదటి స్థానం ఆమెదే. అంతటితో ఆమె చదువు ఆగిపోయింది. కాలేజీ మెట్లు ఎక్కలేదు. ఆ తర్వాత కాలంలో ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఎవరి మాటకి విలువిచ్చారో ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క హైస్కూలు సర్టిఫికెట్టు!

కొండల్లో పంతులమ్మ

చదివిన స్కూల్లోనే టీచరుగా చేరి పదేళ్ళు పనిచేసింది. జీతం పెద్దగా లేదు. అందులోనే ఇంటికి ఇవ్వాలి, అందులోనే వేసవి సెలవుల్లో కొండలెక్కడానికి దాచుకోవాలి. దొరికిన ఒకటి రెండు వృక్షశాస్త్ర పుస్తకాలే గురువులు. రైలు వెళ్ళినంత దూరం రైల్లో, ఆపైన గుర్రం మీద, అదీ కుదరని చోట కాలినడకన వెళ్ళి మొక్కలు సేకరించేది.

పాదాల దాకా జీరాడే గౌన్లు వేసుకోకపోతే ఆడది కాదనుకునే కాలం అది. ఆ గౌన్లతో కొండలెక్కడం ఎలాగో ఒక్కసారి ఊహించండి. చీరకట్టుతో తిరుమల మెట్లెక్కిన మనకి కొంత తెలుసు. ఆలిస్ ఎవర్నీ అడగలేదు, ఎవరితోనూ వాదించలేదు. మందపాటి జీన్ గుడ్డ తెచ్చి, నడకకి అడ్డురాని కొలతలో తన స్కర్టు తానే కుట్టుకుంది. పైన మాత్రం పువ్వుల టోపీ! టోపీల మీద ఆవిడకి జన్మంతా మోజే. శాస్త్రవేత్త అన్నాక సింగారం ఉండకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

1887లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ డెన్వర్ వచ్చాడు. ప్రకృతి వరణం అనే సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటే, విడిగా కనిపెట్టిన మహానుభావుడాయన. ఆయనకి ఆ కొండల మొక్కలు చూపించడానికి ఎవరిని పంపాలా అని ఊరివాళ్ళు ఆలోచిస్తే తేలిన పేరు ఈ పంతులమ్మదే. పద్నాలుగు వేల అడుగులకి పైనున్న గ్రేస్ పీక్ శిఖరానికి దారి చూపింది ఇరవై ఎనిమిదేళ్ళ ఆలిస్. ప్రపంచమంతా తిరిగిన మనిషికి ఇరుగుపొరుగు కొండ చూపించడమంటే మాటలా!

అంతకుముందే ఆమె దాచుకున్న డబ్బుతో డెన్వర్‌లో కొంత స్థలం కొంది. ఊరు పెరిగి స్థలాల ధరలు పెరిగాయి. దాని మీద వచ్చే కొద్దిపాటి రాబడితో ఉద్యోగం మానేసి పూర్తిగా మొక్కల వెంట పడగలిగింది. మన పెద్దవాళ్ళు ఆడపిల్లకి చేతిలో నాలుగు రాళ్ళుండాలనేది ఇందుకే. నగల కోసం కాదు, మనసుకి నచ్చిన పని చేసుకునే స్వేచ్ఛ కోసం.

ఒకరి జీతం ఒకరికి

1891లో ఆలిస్ కాలిఫోర్నియా వెళ్ళి అక్కడి సైన్సు అకాడమీ చూసింది. వృక్ష విభాగానికి అధిపతి కాథరీన్ బ్రాండిగీ అనే ఆవిడ. ఈవిడదీ చెప్పుకోదగ్గ కథే. డాక్టరీ చదివి మొక్కల వైపు వచ్చింది. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ శాన్‌డియేగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మొక్కలు ఏరుకుంటూ నడిచారు. వాళ్ళ హనీమూన్ అదీ!

ఆలిస్ ఎంత పనిమంతురాలో కాథరీన్‌కి చూడగానే అర్థమైంది. కానీ అకాడమీలో ఇంకొకరికి ఇవ్వడానికి జీతం లేదు. కాథరీన్ ఏం చేసిందో తెలుసా? తన జీతం ఆలిస్‌కి ఇప్పించి, తాను ఊరికే పనిచేసింది. 1892లో అలా చేరిన ఆలిస్, 1894లో బ్రాండిగీ దంపతులు శాన్‌డియేగో వెళ్ళిపోయాక ఆ విభాగానికి పెద్ద అయింది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులనే మాట వినీ వినీ మన చెవులు చిల్లులు పడ్డాయి. ఆ మాట అనేవాళ్ళకి ఈసారి కాథరీన్ గురించి చెప్పండి.

ఆ ఉదయం

డిగ్రీలో బోటనీ చదివినవాళ్ళకి హెర్బేరియం అంటే గుర్తుంటుంది. మొక్కని పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్ట మీద అంటించి, కింద పేరూ ఊరూ తేదీ రాయడం. మేమూ చేశాం, పరుపు కింద పెట్టి మరీ! మార్కుల కోసం చేసిన ఆ పనే లోకంలో మొక్కల శాస్త్రానికంతా పునాది అని అప్పుడు తట్టలేదు.

ఒక కొత్త మొక్కని గుర్తించి పేరు పెట్టినప్పుడు, ఏ నమూనాని చూసి ఆ పేరు పెట్టారో దాన్ని విడిగా భద్రం చేస్తారు. దాన్ని మూల నమూనా అంటారు. రేపు ఎవరికైనా ఇది ఆ మొక్కేనా అని సందేహం వస్తే దానితో పోల్చి చూడాల్సిందే. మనింట్లో అసలు దస్తావేజు ఎలాగో ఇదీ అలాగే. జిరాక్సులు ఎన్నున్నా ఒరిజినల్ పోతే పోయినట్టే.

మూల నమూనాలని మిగతా వాటితో కలిపే బీరువాల్లో పెట్టడం ఆ రోజుల్లో ఆనవాయితీ. ఆలిస్ మాత్రం వాటిని ఏరి విడిగా ఒకచోట పెట్టింది. ఎప్పుడైనా ప్రమాదం వస్తే చేతికి అందాలన్న ముందుచూపు. పప్పుల డబ్బాల మధ్య అత్యవసరానికి డబ్బు ఎక్కడ పెట్టామో మనకే తెలుస్తుంది చూడండి, అలాంటి ఇంటి తెలివి.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చింది. వెనకాలే మంటలు. ఆలిస్ మార్కెట్ స్ట్రీట్‌లోని అకాడమీకి పరుగెత్తింది. పక్క భవనాలు అంటుకుంటున్నాయి. లోపల పాలరాతి మెట్లు కుప్పకూలాయి. మొక్కలు ఉన్నది ఆరో అంతస్తులో. మిగిలింది మెట్లకుండే ఇనుప కటకటాలు. రాబర్ట్ పోర్టర్ అనే మిత్రుడు తోడు రాగా, ఆ కమ్మీల సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ పైకెక్కింది. అప్పటికి ఆవిడ వయసు నలభై ఏడు!

విడిగా పెట్టిన మూల నమూనాలు చేతికందాయి. కట్టలు కట్టి, తాళ్ళతో కిందకి దించి, బండి మాట్లాడి, మంటలు తరుముకొస్తుంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుకుంటూ కాపాడింది. అలా దక్కినవి 1,497. తన కోసం తీసుకుంది మాత్రం మొక్కల్ని చూసే ఒక్క భూతద్దం. అకాడమీ కాలిపోయింది. ఇంచుమించు మొక్కల సంపదంతా బూడిదైంది. ఆవిడ ఇల్లూ సామానూ పోయాయి. ఒంటి మీది బట్టలతో మిగిలింది.

ఆ తర్వాత ఒక సైన్సు పత్రికకి రాసిన ఉత్తరంలో ఆవిడ తన గురించి ఏడవలేదు. పోయింది శాస్త్రానికీ కాలిఫోర్నియాకీ నష్టమని బాధపడింది. తన శ్రమ పోయినందుకు మాత్రం విచారం లేదని, చేస్తున్నంతసేపూ సంతోషంగా చేశానని, మళ్ళీ మొదలుపెడితే ఆ సంతోషం మళ్ళీ దొరుకుతుందని రాసింది. నేను ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వండిన వంట పూటలో అయిపోతుంది, వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. చేసింది నిలవడం లేదని దిగులుపడే మనలాంటివాళ్ళకి ఆ ఉత్తరం గొప్ప ఊరట.

మళ్ళీ మొదట్నుంచి

అకాడమీ మళ్ళీ లేచే దాకా ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. అమెరికాలోని పెద్ద హెర్బేరియాలు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, క్యూ ఉద్యానవనం తిరిగి పని నేర్చుకుంది, పని చేసింది. 1912లో అకాడమీ మళ్ళీ పిలిచింది. యాభై మూడేళ్ళ వయసులో ఖాళీ బీరువాల ముందు నిలబడింది. ఆ వయసులో మనం ఏమనుకుంటాం? ఇంకేముందిలే, పిల్లల పెళ్ళిళ్ళు అయితే చాలనుకుంటాం. ఆవిడ మాత్రం ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్ళు పనిచేసింది. 1949లో తొంభై ఏళ్ళకి పదవీ విరమణ చేసేనాటికి ఆ బీరువాల్లోకి కొత్తగా చేరిన నమూనాలు దాదాపు 3,40,000.

1914లో చలికి గడ్డకట్టే యూకాన్ ప్రాంతానికి వెళ్ళి మొక్కలు తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎదురుగా సముద్రపు పాయకి అవతలున్న టామల్పయస్ కొండ ఆవిడకి పుట్టింటితో సమానం. వారాంతం వస్తే అక్కడే. మగవాళ్ళతో సమానంగా రోజుకి ఇరవై మైళ్ళు నడిచేదని చెప్పుకుంటారు. ఆ కొండ మీద ఒక విడిదికి తర్వాత ఆవిడ పేరే పెట్టారు. అకాడమీలో మాత్రం తలుపులు అందరికీ తెరిచే ఉండేవి. తాజా పువ్వుల్ని పేర్లతో సహా ప్రదర్శనకి పెట్టేది. ఇంటి తోటలో మొలిచింది ఏమిటో తెలియక కొమ్మ పట్టుకొచ్చిన గృహిణికీ, విశ్వవిద్యాలయం పండితుడికీ ఒకే మర్యాద. పెళ్ళి చేసుకోలేదు. ఆ లోటు ఆవిడకి ఉన్నట్టు ఆవిడ రాసినవాటిలో ఎక్కడా కనబడదు.

1950లో స్వీడన్‌లో ప్రపంచ వృక్షశాస్త్ర మహాసభ జరిగింది. దానికి గౌరవాధ్యక్షురాలిగా తొంభై ఒకటేళ్ళ ఆలిస్ విమానమెక్కి వెళ్ళింది. మొక్కలకి రెండు పేర్ల పద్ధతిని స్థిరపరచిన లినేయస్ కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టారు. 1953 అక్టోబర్ 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూసింది. ఈస్ట్‌వుడియా అనే పొద, ఏలిసియెల్లా అనే మొక్కల జాతి ఆవిడ పేరు మోస్తున్నాయి.

ఒక్క పొద కోసం

ఆవిడ పేరు పెట్టిన మొక్కల్లో ఒకదాని కథ చెప్పకుండా ఇది పూర్తికాదు. కాలిఫోర్నియా కొండల్లో మాంజనీటా అనే పొదలు పెరుగుతాయి. స్పానిష్ భాషలో చిన్న ఆపిలు అని అర్థం. నునుపైన ఎర్రటి కొమ్మలు, చిట్టి కుండల్ని తలకిందులుగా వేలాడదీసినట్టు తెలుపూ గులాబీ రంగుల పువ్వులు. టామల్పయస్ కొండ మీది రకానికి 1897లో ఆలిస్ పేరు పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో గుట్టల మీద నేలని పట్టుకుని పాకే ఇంకో రకానికి 1905లో ఆ నగరం పేరు కలిసేలా ఫ్రాన్సిస్కానా అని పెట్టింది. మామూలు మొక్కలు బతకలేని ఆకుపచ్చ రాతి నేలలో బతికే మొండి మొక్క అది.

రాతిని తట్టుకుంది కానీ మనిషిని తట్టుకోలేకపోయింది. ఊరు పెరిగి గుట్టలు ఇళ్ళయ్యాయి. చివరికి ఈ పొదకి మిగిలిన చోటు లారెల్ హిల్ అనే పాత శ్మశానం. ఆ స్థలాన్నీ ఇళ్ళకోసం చదును చేశారు. 1947లో బుల్‌డోజర్లు వస్తుంటే జేమ్స్ రూఫ్ అనే మొక్కల ప్రేమికుడు ఆ పొదని వేళ్ళతో తవ్వి గోనెసంచిలో పట్టుకుపోయి తోటలో బతికించాడు. అడవిలో మాత్రం ఆ జాతి అంతరించిందని అనుకున్నారు. అప్పటికి ఆలిస్ ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకా అకాడమీలోనే పనిచేస్తోంది. తాను పేరు పెట్టిన బిడ్డ, తనున్న ఊళ్ళోనే, తన కళ్ళముందే పోయింది.

అరవై రెండేళ్ళు గడిచాయి. 2009 అక్టోబర్‌లో గోల్డెన్ గేట్ వంతెనకి వెళ్ళే రోడ్డుని తిరిగి కట్టడానికి పక్కనున్న చెట్లు కొట్టేశారు. కారులో వెళుతున్న ఒక వృక్షశాస్త్రవేత్త కంట ఆ వాహనాల రొద మధ్య ఒక పొద పడింది. చూస్తే అదే! అడవి మాంజనీటా ఫ్రాన్సిస్కానా, ఒకే ఒక్కటి. రోడ్డు పని ఆగదు. అందుకని 2010 జనవరిలో వేళ్ళ చుట్టూ ఉన్న మట్టితో సహా, దాదాపు పది టన్నుల బరువుని క్రేనుతో లేపి, ప్రెసిడియో అనే పార్కులో వేరే చోట నాటారు. 2012లో దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కగా ప్రభుత్వం ప్రకటించింది.

ఖర్చు రెండు లక్షల డాలర్ల పైమాటే. ఒక్క పొద కోసం అంత డబ్బా అని చాలామంది విసుక్కున్నారు. నర్సరీలో కొద్ది డాలర్లకే దొరుకుతుంది కదా అన్నారు. మాట నిజమే, దొరుకుతుంది. కానీ నర్సరీ మొక్కలన్నీ అప్పట్లో కాపాడిన కొద్ది మొక్కల కొమ్మలే. ఆ కొద్ది తల్లులకే నకళ్ళు. ఒక తెగులు వస్తే అన్నీ ఒక్కసారే పోవచ్చు. వేరే రక్తం కలిస్తేనే జాతి నిలుస్తుంది. రోడ్డు పక్క దొరికిన ఆ పొద విలువ అది. మేనరికాల గురించి డాక్టర్లు మనకి చెప్పేదీ ఇదే కదా.

నాకైతే ఆ ఖర్చు దండగనిపించలేదు. అయితే ఇంకో మాట కూడా అనిపించింది. 1947లో ఆ గుట్ట మీద ఒక్క మూల వదిలేసి ఉంటే, క్రేనూ అక్కర్లేదు, రెండు లక్షల డాలర్లూ అక్కర్లేదు. ఉన్నప్పుడు వదిలేయడానికి పైసా ఖర్చు కాదు. పోయాక తెచ్చుకోవడానికే కోట్లు.

మాంజనీటా గింజల గురించి ఒక విచిత్రం చదివాను. చాలా రకాల్లో అవి మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయట. కార్చిచ్చు వచ్చి పైనున్నదంతా కాల్చేశాకే మొలకెత్తుతాయట. 1912లో ఖాళీ బీరువాల ముందు నిలబడిన ఆ యాభై మూడేళ్ళ మనిషి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి మీ వీధి చివర ఖాళీ స్థలం చదును చేస్తుంటే, అందులో పేరు తెలియని పువ్వేదైనా కనబడితే, ఒక్క నిమిషం ఆగి చూడండి. పాత పేపరు మడతలో ఒక రెమ్మ పెట్టి, కింద ఊరూ తేదీ రాయండి. ఆలిస్ ఈస్ట్‌వుడ్ మొదలుపెట్టింది కూడా అక్కడే.